మన బండ్ల నంబరు ప్లేట్లు: ఆంధ్రప్రదేశ్ నమోదు సంకేతాల చరిత్ర, స్వరూపం, సరిహద్దు చిక్కులు

వాహన నమోదు సంఖ్యను తెలిపే ఫలకాన్ని మనవారందరూ ‘నంబరు ప్లేటు’ అనే అంటారు. ఈ వ్యాసంలోనూ ఆ మాటనే వాడుతున్నాము. రాష్ట్రం నడుమనున్న ఊళ్లవారికి దానితో పెద్దగా పని పడదు. పొలిమేరకు అటొక కాలు ఇటొక కాలు వేసి బ్రతికే మన కుటుంబాల సంగతి వేరు. బళ్లారిలో కొన్న స్కూటరు అనంతపురంలో తిరుగుతుంది. కుప్పం వారి కారు హోసూరులో నిలుస్తుంది. సాలూరు మోటారు సైకిలు వారపు సంతకు కోరాపుట్ కొండలెక్కుతుంది. తనిఖీ చేసే అధికారి మొదట చూసేది బండిని కాదు, నడిపే మనిషినీ కాదు, ఆ ప్లేటు మీది మొదటి రెండక్షరాలను. అందువలన ఆ అక్షరాలు, అంకెలు ఎట్లా వచ్చినవో, వాటి వెనుకనున్న చట్టమేమి చెప్పుచున్నదో తెలిసి ఉండటం మనకు అవసరం.

మన దేశంలో మోటారు వాహనాలకు మొదటి సమగ్ర చట్టం 1914లో వచ్చింది. దాని స్థానంలో 1939 నాటి చట్టం, దాని స్థానంలో నేడు అమలులో ఉన్న 1988 నాటి చట్టం వచ్చాయి. ఈ చివరి చట్టం అమలులోకి వచ్చినది 1989 జూలై 1న. అంతకుముందున్న పద్ధతిలో మూడు ఆంగ్లాక్షరాలు, వాటి వెనుక నాలుగు అంకెల వరకు ఒక సంఖ్య ఉండేవి. మొదటి అక్షరాన్ని బట్టి రాష్ట్రాన్ని పోల్చేవారు. ఆంధ్రప్రదేశ్ బండ్లు ‘ఎ’ అక్షరంతో మొదలయ్యేవి. ఒరిస్సా బండ్లకు ‘ఒ.ఆర్.’, పుదుచ్చేరి బండ్లకు ‘పి.వై.’ ముందుండి మూడవ అక్షరం మారేది. మైసూరు రాష్ట్రపు పాత బండ్లకు ‘ఎం.వై.’ ఉండగా, కర్ణాటక అయిన తరువాత ‘సి.ఎ.’ వంటివి కనిపించాయి. మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయినాక ‘టి’తో మొదలయ్యే వరుసలు వచ్చాయి. పాత అంబాసిడర్ కారో, రాజ్‌దూత్ మోటారు సైకిలో నేటికీ ఎవరి పెరటిలోనైనా ఉంటే, దాని ప్లేటు మీద ఈ మూడక్షరాల సంకేతమే చూడవచ్చును.

ఆ పద్ధతిలో ఒక లోపమున్నది. మూడక్షరాలను చూచి రాష్ట్రాన్ని ఊహించవచ్చునే గాని, జిల్లాను పోల్చాలంటే ఆ కార్యాలయపు పట్టిక తెలిసి ఉండవలసిందే. 1989 జూన్ 12న కేంద్రం వెలువరించిన ప్రకటనతో ఒక్కొక్క రాష్ట్రానికి రెండేసి అక్షరాలు స్థిరపడినవి. మనకు ఎ.పి., కర్ణాటకకు కె.ఎ., తమిళనాడుకు టి.ఎన్., మహారాష్ట్రకు ఎం.హెచ్., ఒరిస్సాకు ఒ.ఆర్., పుదుచ్చేరికి పి.వై. వచ్చాయి. వాటి వెనుక నమోదు కార్యాలయాన్ని తెలిపే రెండంకెలు, ఆ వెనుక ఒకటో రెండో వరుస అక్షరాలు, చివర నాలుగు అంకెల వరకు సంఖ్య. ఒకటి, సున్న అంకెలతో పొరబడకుండా ‘ఐ’, ‘ఒ’ అక్షరాలను వరుసల్లో సాధారణంగా వాడరు.

ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలకు అంకెలు ఇచ్చిన తీరు గమనింపదగినది. అది చాలావరకు ఆంగ్ల అక్షరక్రమం. ఆదిలాబాదు 01, అనంతపురం 02, చిత్తూరు 03, కడప 04. కడప ‘కె’ అక్షరంతో గదా, కరీంనగరు, కర్నూలుల దగ్గర ఉండవలసినది నాలుగవ స్థానంలో ఎందుకున్నదని ఎవరికైనా సందేహం రావచ్చును. ఆనాడు ప్రభుత్వ కాగితాలలో ఆ ఊరి పేరును ఆంగ్లంలో ‘సి’ అక్షరంతో, ‘కడ్డపా’ అని చదివేటట్లుగా రాసేవారు. తరువాత పేరు సరిదిద్దుకున్నారు గాని అంకె మారలేదు. తెల్లదొరల వర్ణక్రమం ఆ విధంగా కడప బండ్ల మీద మిగిలిపోయింది. ఆ వరుసలోనే తూర్పు గోదావరికి 05, గుంటూరుకు 07, హైదరాబాదు నగర కార్యాలయాలకు 09 మొదలుకొని, కరీంనగరుకు 15, కృష్ణకు 16, ఖమ్మానికి 20, కర్నూలుకు 21, మహబూబ్‌నగరుకు 22, మెదక్‌కు 23, నల్లగొండకు 24, నిజామాబాదుకు 25, నెల్లూరుకు 26, ప్రకాశానికి 27, రంగారెడ్డికి 28, 29, శ్రీకాకుళానికి 30, విశాఖపట్నానికి 31, విజయనగరానికి 35, వరంగల్లుకు 36, పశ్చిమ గోదావరికి 37 వచ్చాయి. కృష్ణ ఖమ్మానికి ముందూ, నిజామాబాదు నెల్లూరుకు ముందూ ఎందుకు కూర్చున్నవో ఆ పట్టిక రాసినవారికే తెలియాలి.

అంకెల వెనుకనుండే వరుస అక్షరాలకు కూడా అర్థమున్నది. ‘పి’ పోలీసు వాహనాలది. ‘టి’ మొదలుకొని ‘వై’ వరకు గల అక్షరాలు లారీలు, ఆటోలు, బాడుగ కార్ల వంటి రవాణా వాహనాలవి. ‘జెడ్’ ఆర్టీసీ బస్సులది. ఈ చివరి అక్షరాన్ని గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. నిజాము రాజ్యంలో 1932లో రైలు సంస్థ అధీనంలో 27 బస్సులతో ప్రజారవాణా మొదలైనది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి జెహ్రా బేగం పేరు నిలిచేటట్లుగా బస్సుల సంఖ్యలో ఆ అక్షరాన్ని ఉంచమన్నాడని చెప్పుకొంటారు. కథ మాట అట్లా ఉంచినా, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ 1958లో ఏర్పడిన తరువాతను, 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాతను ఇరువైపుల బస్సులమీదను ఆ అక్షరం కొనసాగింది. పొరుగు రాష్ట్రాలవారి ఆనవాళ్లు వేరు. కర్ణాటక ఆర్టీసీ బస్సులకు ‘ఎఫ్’, తమిళనాడు ప్రభుత్వ రవాణా సంస్థల బస్సులకు ‘ఎన్’ ఉంటాయి. పలమనేరు బస్టాండులో మూడు రాష్ట్రాల బస్సులు వరుసగా నిలిచినపుడు బోర్డు చదవకుండానే ఏది ఎవరిదో చెప్పవచ్చును.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడటంతో ఈ పట్టిక రెండుగా చీలినది. ఉద్యమకాలంలో అనేకులు తమ బండ్ల మీద ‘ఎ.పి.’ని చెరిపి ‘టి.జి.’ అని రాసుకొన్న సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అయితే కొత్త రాష్ట్రానికి వచ్చినది ‘టి.ఎస్.’, ఆ పేరున నమోదు 2014 జూన్ 18న మొదలైనది. ఆదిలాబాదుకు పాత 01, హైదరాబాదుకు 09 నుండి 13 వరకు అట్లాగే నిలిచాయి. కరీంనగరుకు 02, వరంగల్లుకు 03, ఖమ్మానికి 04, నల్లగొండకు 05, మహబూబ్‌నగరుకు 06, రంగారెడ్డికి 07, 08, మెదక్‌కు 15, నిజామాబాదుకు 16 కొత్తగా వచ్చాయి. పదేళ్ల తరువాత, 2024 మార్చిలో, కేంద్ర ప్రకటనతో ‘టి.ఎస్.’ పోయి ‘టి.జి.’ వచ్చింది, మార్చి 15 నుండి కొత్త బండ్లకు ఆ అక్షరాలే వేస్తున్నారు. అందువలన నేడు ఒకే వరంగల్లు వీధిలో ఎ.పి. 36, టి.ఎస్. 03, టి.జి. 03 అనే మూడు తరాల ప్లేట్లు పక్కపక్కనే కనబడతాయి. మూడూ చెల్లుతాయి. పాత ప్లేటును మార్చుకోవలసిన పని లేదు.

ఇంకొక విచిత్రం పోలవరం ముంపు మండలాలలో ఉన్నది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మొదలైనవి 2014లో ఖమ్మం జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. అక్కడి పాత బండ్లకు ఎ.పి. 20 ఉంటుంది. రాష్ట్రం అక్షరాలు సరియైనవే, జిల్లా అంకె మాత్రం ఇప్పుడు పొరుగు రాష్ట్రంలో ఉన్న జిల్లాది. బండి కదలలేదు, ఊరూ కదలలేదు. కదిలినది గీత.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 జనవరి చివర ఇంకొక పెద్ద మార్పు జరిగింది. జిల్లాకొక అంకె అనే పద్ధతిని విడిచి రాష్ట్రమంతటికీ ఒకే అంకె, ఎ.పి. 39, తెచ్చారు. నాటి నుండి కొన్న బండిని చూచి అది శ్రీకాకుళానిదో హిందూపురానిదో చెప్పలేము. ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు పోయిన వారికి ఇది సదుపాయమే. 2022లో జిల్లాలు 13 నుండి 26 అయినపుడు కొత్త జిల్లాలకు అంకెలు వెదకవలసిన బాధ కూడా తప్పింది. కాని ఊరి గుర్తును పోగొట్టుకొన్నామన్నదీ నిజమే. దూరదేశంలో, ముంబై రహదారి మీదనో బెంగుళూరు సంతలోనో, ఎ.పి. 02 కనబడితే మనవాడని పలకరించే అలవాటు ఉండేది. 39 చూచి ఎవరిని ఏమని పలకరించగలము?

ఒరిస్సా పేరు 2011లో ఒడిశాగా మారినది. 2012 సెప్టెంబరు నుండి ‘ఒ.ఆర్.’ బదులు ‘ఒ.డి.’ వచ్చింది. మన పాఠకులు ఎక్కువగా చూచే పొరుగు అంకెలను ఇక్కడ చెప్పుకొనుట మంచిది. కర్ణాటకలో బళ్లారి 34, రాయచూరు 36, బీదరు 38, చిక్కబళ్లాపురం 40, కోలారు 07, కె.జి.ఎఫ్. 08, తుమకూరు 06. పావగడ వారికి దగ్గరైన మధుగిరి 64. తమిళనాడులో హోసూరు 70, కృష్ణగిరి 24, వేలూరు 23, తిరువళ్లూరు 20. ఒడిశాలో కోరాపుట్ 10, రాయగడ 18, పర్లాకిమిడి ఉన్న గజపతి 20, గంజాం 07, మల్కనగిరి 30. మహారాష్ట్రలో సిరొంచ ఉన్న గడ్చిరోలి 33, చంద్రపూరు 34, నాందేడు 26. యానాం పి.వై. 04.

ప్లేటు రూపం, రంగుల విషయానికి వద్దాము. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల వరకు సొంత బండ్లకు నల్లని పలక మీద తెల్లని అక్షరాలు, బాడుగ బండ్లకు తెల్లని పలక మీద నల్లని అక్షరాలు ఉండేవి. తరువాత సొంత బండ్లకు తెలుపు మీద నలుపు, బాడుగ బండ్లకు పసుపు మీద నలుపు అయినది. బాడుగకు తీసుకొని మనమే నడుపుకొనే కారుకు నలుపు మీద పసుపు. విద్యుత్తు బండ్లకు 2018 నుండి ఆకుపచ్చ పలక. సొంతానివైతే తెల్లని అక్షరాలు, బాడుగవైతే పసుపు అక్షరాలు. తాత్కాలిక నమోదుకు పసుపు మీద ఎరుపు, అమ్మకపు దుకాణం వారి బండికి ఎరుపు మీద తెలుపు.

కొలతలు కూడా నియమాలలో ఉన్నవి. కార్లు, లారీల అక్షరాలు 65 మిల్లీమీటర్ల ఎత్తు, 10 మిల్లీమీటర్ల మందం ఉండాలి. మోటారు సైకిళ్ల వెనుక ప్లేటు మీద అక్షరాలు 35, అంకెలు 40 మిల్లీమీటర్లు. అక్షరాలు ఆంగ్లంలో, అంకెలు అందరికీ తెలిసిన రూపంలో ఉండాలని నియమం. మాతృభాష మీది మమకారంతో తెలుగులో మాత్రమే సంఖ్యను రాయించుకొన్నవారికి చట్టంలో రక్షణ లేదు. ఇది మనసుకు కష్టమైన మాటే. అయినా నాలుగు రాష్ట్రాలు తిరిగే బండిని ప్రమాద సమయంలో ఎవరైనా పోల్చుకోవలసి ఉన్నది గనుక, ఈ నియమాన్ని తప్పు పట్టలేము.

2019 ఏప్రిల్ 1 నుండి తయారైన ప్రతి కొత్త బండికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. దుకాణం వారే బిగించి ఇవ్వాలి. అల్యూమినియం రేకు మీద ఉబ్బెత్తు అక్షరాలు, ఎడమవైపు పైన 20 మిల్లీమీటర్ల అశోకచక్రపు మెరుపు ముద్ర, దాని క్రింద నీలిరంగులో దేశసంకేతం, అడుగున లేసరుతో చెక్కిన పదంకెల గుర్తింపు సంఖ్య ఉంటాయి. ఒకసారి బిగిస్తే విరగగొట్టితే తప్ప ఊడని తాళపు మేకులతో దానిని అమర్చుతారు. ప్లేటు మార్చి దొంగ బండిని పొలిమేర దాటించే వారికి ఇది పెద్ద అడ్డంకి. పాత బండ్లకు కూడా ఇవి వేయించమని కర్ణాటక 2023 ఆగస్టులో ఆదేశించి గడువును పలుమార్లు పొడిగించింది. మహారాష్ట్రలోనూ అట్లాగే జరిగింది. ఏ రాష్ట్రపు నమోదు ఉన్నదో ఆ రాష్ట్రపు నియమమే ఆ బండికి వర్తిస్తుంది. అనంతపురంలో తిరిగే కె.ఎ. 34 బండి కర్ణాటక గడువునే చూచుకోవాలి.

ఇక మన అసలు చిక్కు. బండిని ఎక్కడ నమోదు చేయించాలి? యజమాని నివాసమో వ్యాపారస్థలమో, బండి సాధారణంగా నిలిచే చోటో ఉన్న రాష్ట్రంలో చేయించాలని 40వ సెక్షను చెప్పుచున్నది. ఆ రాష్ట్రంలోని ఏ కార్యాలయంలోనైనా చేయించవచ్చునని 2019 సవరణ వెసులుబాటు ఇచ్చింది. ఒకసారి నమోదైతే అది దేశమంతటా చెల్లుతుందని 46వ సెక్షను చెప్పుచున్నది. పొరుగు రాష్ట్రపు ప్లేటు ఉన్నంత మాత్రాన అది నేరం కాదు. హోసూరులో కాపురముండి రోజూ కుప్పం వచ్చిపోయే టి.ఎన్. 70 బండిని ఎ.పి.కి మార్చుకొమ్మని ఎవరూ అనలేరు.

మార్చుకోవలసినది ఎప్పుడంటే, బండిని మరొక రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచినప్పుడు. ఇది 47వ సెక్షను. మన కుటుంబాలలో ఇది ఎక్కువగా తగిలేది పెళ్లిళ్లలో. సిరుగుప్పలో తండ్రి కొని అరణంగా ఇచ్చిన స్కూటరు ఆదోనికి కాపురానికి వచ్చినది. మొదటి ఏడాది నిశ్చింత. ఆ తరువాత కొత్త సంకేతం తీసుకోవాలి, అంటే ఆంధ్రప్రదేశ్‌కు జీవితకాల పన్ను కట్టాలి. కర్ణాటకకు కట్టిన పన్నులో మిగిలిన కాలానికి తగిన మొత్తాన్ని తిరిగి ఇమ్మని అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చును; అది దానంతట రాదు. ఈ దరఖాస్తు సంగతి తెలియక రెండు చోట్లా పన్ను కట్టి ఊరుకొన్నవారు మన ఊళ్లలో తక్కువ కాదు.

గడువు విషయంలో రాష్ట్రాలు చట్టాన్ని మించి పోయిన సందర్భమూ ఉన్నది. బయటి బండి 30 రోజులు మించి ఉంటే జీవితకాల పన్ను కట్టాలని కర్ణాటక 2014లో తన పన్ను చట్టాన్ని సవరించింది. 2016 మార్చిలో ఆ రాష్ట్ర హైకోర్టు దానిని కొట్టివేసింది. రవాణా వాహనాల మాట వేరు. 2015 ఏప్రిల్ నుండి ఆంధ్ర, తెలంగాణలు ఒకరి లారీల మీద ఒకరు పన్ను వేసుకోవటం నిన్నటి వరకు ఒకే రాష్ట్రంగా ఉన్నవారికి మింగుడుపడని సంగతి.

యానాం విషయం ఇందుకు తలక్రిందులు. పుదుచ్చేరిలో పన్ను తక్కువ. కనుక అక్కడ కాపురం లేనివారు కూడా అక్కడి చిరునామా చూపి ఖరీదైన కార్లను నమోదు చేయించుకోవటం పరిపాటి అయినది. 2017లో కేరళలో దీనిపై పెద్ద దుమారమే రేగి కేసులు పెట్టారు. దీనివలన నష్టపోయినది ఎవరంటే, 30 చదరపు కిలోమీటర్ల యానాంలో పుట్టి పెరిగినవారు. వారి పి.వై. 04 బండి పనిమీద కాకినాడ వస్తే, పన్ను ఎగవేత బండేమోనన్న చూపు ఎదురవుతుంది. వారు తమ నివాస ధ్రువపత్రాన్ని బండిలోనే ఉంచుకోవటం మేలు.

కొటియా గ్రామాల పరిస్థితి ఇంకొక రకం. సాలూరుకు, కోరాపుట్‌కు మధ్యనున్న ఆ పల్లెలు తమవేనని రెండు రాష్ట్రాలూ అంటాయి. రెండు వైపుల కార్డులూ కలిగిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. కార్డులు రెండు ఉండవచ్చును గాని బండికి నమోదు ఒక్కటే. ఎ.పి. 35 అయినా కావాలి, ఒ.డి. 10 అయినా కావాలి.

ఉద్యోగరీత్యా రాష్ట్రాలు మారేవారి కోసం కేంద్రం 2021 సెప్టెంబరు 15 నుండి ‘బి.హెచ్.’ వరుసను తెచ్చింది. దీనిలో రాష్ట్రపు గుర్తు లేదు. మొదట నమోదు సంవత్సరపు రెండంకెలు, తరువాత బి.హెచ్., నాలుగంకెల సంఖ్య, చివర అక్షరాలు. పన్ను రెండేళ్లకొకసారి కడితే చాలు. అయితే ఇది సైనికులకు, ప్రభుత్వోద్యోగులకు, ప్రభుత్వ రంగ సంస్థలవారికి, నాలుగు లేక అంతకు మించి రాష్ట్రాలలో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు మాత్రమే. రెండు రాష్ట్రాల్లో పొలమున్న రైతుకు, పొలిమేర దాటి కూలికి పోయేవానికి ఇందులో చోటు లేదు. ఈ ఏర్పాటు అవసరం ఎక్కువగా ఉన్నవారినే వదిలివేసినదని మా అభిప్రాయం.

రాష్ట్రం మార్చేవారు ముందు పాత కార్యాలయం నుండి 28వ ఫారంలో నిరభ్యంతర పత్రం పొందాలి. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్సు వారి సమ్మతి కావాలి. దరఖాస్తు అందిన 30 రోజులలోగా కార్యాలయం కాదనకపోతే ఇచ్చినట్లే భావించాలని 48వ సెక్షను చెప్పుచున్నది గనుక, దరఖాస్తు రసీదును పారవేయరాదు. కొత్త రాష్ట్రంలో 27వ ఫారం ఇవ్వాలి.

పాత బండి అమ్మేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కొన్నవాడు అదే రాష్ట్రంవాడైతే 14 రోజులలో, పొరుగు రాష్ట్రంవాడైతే 45 రోజులలో అమ్మినవాడు తెలియజేయాలి. ఫారాలు 29, 30 మీద సంతకాలు చేసి బండి, డబ్బు చేతులు మార్చుకొని ఇంటికి పోవటంతో పని పూర్తికాదు. నమోదు పుస్తకంలో ఎవరి పేరు ఉన్నదో ప్రమాద పరిహారం విషయంలో అతడే యజమాని అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ కేసులో బండి నాలుగు చేతులు మారినా, పుస్తకంలోని మొదటి యజమాని మీదనే బాధ్యత నిలిచింది.